తల్లి ఎనుముకు తెల్లమచ్చలు ఉంటే పడ్డను అమ్మేయాలా?

ప్రశ్న: మాది కడప జిల్లా చాపాడు మండలం. మూడు ముర్రా ఎనుములు ఉన్నాయి. రెండో ఈత ఎనుముకు ఏడాదిగా ముట్టె మీద, కళ్ల చుట్టూ, పొదుగు పక్కన తెల్లమచ్చలు వస్తున్నాయి. దీని తల్లికీ ముసలితనంలో ఇలాగే వచ్చాయి. ఇది బొల్లి అనీ, రక్తంలోనే ఉందనీ, దీని 14 నెలల పడ్డను కూడా సంతలో అమ్మేయమనీ ఊళ్లో అంటున్నారు. పాలు తాగడానికి ఇంట్లో భయపడుతున్నారు. మేత వరిగడ్డి, తవుడు. బయట కొన్న ఇంకో ఎనుముకు మచ్చలు లేవు గానీ నల్లవెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి. ఏం చేయమంటారు?

జవాబు: పడ్డను ఇప్పుడే అమ్మవద్దు. పాలు ఎప్పటిలాగే కాచి తాగవచ్చు. బొల్లి అంటువ్యాధి కాదు. తాకినా, పాల ద్వారానైనా సోకదు.

మీరు చివర్లో ఒక్క ముక్కగా రాసిన తుప్పురంగు సంగతే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. చర్మానికీ వెంట్రుకలకూ నలుపునిచ్చే మెలనిన్ తయారు కావాలంటే టైరోసినేజ్ అనే ఎంజైము పనిచేయాలి. ఆ ఎంజైము రాగి లేనిదే పనిచేయదు. కె.సి. కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కింద వరిగడ్డికి కొదవ లేదు కాబట్టి ఏడాది పొడవునా అదే వేసే కొట్టాల్లో పశువుకు అందే రాగి చాలకపోవచ్చు. దానికి తోడు మేతలోనో బోరు నీటిలోనో గంధకం, ఇనుము, మాలిబ్డినం ఎక్కువైతే ఉన్న రాగి కూడా ఒంటికి పట్టదు. తేమ తీసేసిన లెక్కన కిలో మేతలో సుమారు 10 మిల్లీగ్రాముల రాగి ఉండాలి. అది తగ్గినప్పుడు నల్లవెంట్రుకలు గోధుమ రంగుకు తిరగడం, కళ్ల చుట్టూ కళ్లద్దాలు పెట్టినట్టు తెల్లబడటం, ఎద ఆలస్యం కావడం కనిపిస్తాయి. తుప్పురంగుకు తిరిగిన ఎనుము బయటినుంచి వచ్చినది. మచ్చల ఎనుముతో దానికి ఉమ్మడిగా ఉన్నది మేత తొట్టి మాత్రమే. తల్లీబిడ్డలకు జన్యువులతోపాటు ఆ తొట్టి కూడా ఉమ్మడిదే కదా. అందువల్ల రెండింటికీ మచ్చలు వచ్చాయన్న ఒక్క కారణంతో దీన్ని వంశపారంపర్యమని తేల్చడానికి వీలులేదు.

కాబట్టి ముందుగా మీ పశువైద్యుడి చేత మూడు ఎనుములకూ పడ్డకూ రక్తం తీయించి, సీరంలో రాగి ఎంత ఉందో పరీక్ష చేయించండి. అవసరమైతే మచ్చల ఎనుమును ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకు తీసుకుపోయి చర్మం కూడా చూపించండి. ఈలోగా పాలిచ్చే ఎనుముకు రోజుకు 50 గ్రాములు, పడ్డకు 25 గ్రాముల చొప్పున ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలిపి, పచ్చి అలసంద గానీ లూసర్న్ గానీ కొంత వేయండి. ఒక హెచ్చరిక: పైరుకు కొట్టే మైలుతుత్తం కూడా రాగే కదా అని సొంతంగా కొలిచి తాగించవద్దు. కొట్టంలో గొర్రెలుంటే మరీ ప్రమాదం, ఎందుకంటే గొర్రె కాలేయం రాగిని బయటకు పంపలేక కూడబెట్టుకుంటుంది. ఒకనాడు హఠాత్తుగా కళ్లు పచ్చబడి, మూత్రం ఎర్రగా మారి చచ్చిపోతుంది. ఎనుములకు తెచ్చిన ఖనిజ మిశ్రమాన్ని గొర్రెల తొట్టిలో వేయకూడదన్నది కూడా ఇందుకే.

రాగి సరిపడా ఉండి, బూజు తెగులూ పాత గాయమూ కూడా కాదని తేలితే అప్పుడు బొల్లిని అనుమానించాలి. ఇది ఆటో ఇమ్యూన్ వ్యాధి. అంటే క్రిములతో పోరాడవలసిన రోగనిరోధక వ్యవస్థ తన ఒంటిలోని రంగు కణాలనే శత్రువులనుకొని చంపుతుంది. క్రిమి ముక్కను పట్టుకొని రక్షక కణాలకు చూపించే ప్రోటీన్లు కొన్ని ఉన్నాయి. వాటిని తయారుచేసే జన్యువులు ఆవుల్లో 23వ క్రోమోజోము మీద, మనుషుల్లో 6వ క్రోమోజోము మీద ఉంటాయి. ఒకే మందలో కూడా ఈ రక్షక జన్యువులు ఒక్కో పశువుకు ఒక్కో రకంగా ఉంటాయి. ఒక రకం ఒక రోగక్రిమిని బాగా పట్టుకుంటుంది, కానీ అదే రకం ఒంటి ముక్కను కూడా శత్రువుగా చూపించే అవకాశం ఉంటుంది. మనుషుల్లో హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే రకం ఉన్నవారికి వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు ముప్పు ఎక్కువని 1973లోనే గుర్తించారు. అయినా ఆ రకం ఉన్నవారిలో అత్యధికులకు ఆ జబ్బు రానే రాదు, పైగా వారిలో హెచ్‌ఐవి నెమ్మదిగా ముదురుతుంది. పైన చెప్పిన టైరోసినేజ్ జన్యువు విషయంలోనూ ఇలాంటిదే ఉంది: మనుషుల్లో బొల్లి ముప్పును పెంచే దాని రూపమే మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముప్పును తగ్గిస్తుంది. చెడ్డ జన్యువును ఏరిపారేద్దామనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ముప్పు ఉండటం వేరు, రోగం రావడం వేరు. అచ్చంగా ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరికి బొల్లి ఉంటే రెండోవారికి కూడా ఉన్నది నూటికి 23 జంటల్లోనే అని మనుషుల మీద చేసిన అధ్యయనం చెబుతోంది. ఈ లెక్కను ఎనుముకు యథాతథంగా అన్వయించలేము గానీ, జన్యువులు దారి తీస్తాయే తప్ప అవే అన్నీ నిర్ణయించవని అర్థమవుతుంది. అమెరికాలో పెంచిన స్మిత్ వంశపు కోళ్లలో చాలా వాటికి ఎదిగే వయసులో ఈకలు తెల్లబడతాయి. వాటికి మూలమైన బ్రౌన్ వంశపు కోళ్లలో అదే రకం రక్షక జన్యువులున్నా తెల్లబడేవి నూటికి రెండు కూడా ఉండవు. ఒక్క జన్యువుతో ఇది జరగదు, అనేక జన్యువులు కలవాలి, బయటి ప్రేరణ కూడా తోడవాలి. ఇక్కడ ఆ ప్రేరణల్లో ఒకటి మారెక్స్ వ్యాధికి వేసే టీకాలోని వైరస్. ఇది విని ఎవరూ కోళ్లకు టీకా మానేయకండి. ఆ స్వభావం ఆ వంశానిది, తప్పు టీకాది కాదు.

పుట్టుకతోనే నుదురు, ముట్టె, కాళ్లు, తోక కొన తెల్లగా ఉండే నీలిరావి పంచకల్యాణి ఎనుముల సంగతి పూర్తిగా వేరు. అది జాతి లక్షణం, రోగం కాదు. మీ ఎనుము నల్లగా పుట్టి తర్వాత తెల్లబడింది కాబట్టి దాన్ని ఆ లెక్కలో వేయలేము.

బొల్లి అని తేలినా పాడికి నష్టం లేదు. సంతలో ధర తగ్గడం, తెల్లబడిన పొదుగు చర్మం మన ఎండకు కమిలి పగలడం, ఇవే అసలు ఇబ్బందులు. మధ్యాహ్నం నీడన కట్టి, నీళ్లు పోసి తడపండి. ఎవరైనా స్టెరాయిడ్ సూదులు వేస్తామంటే, చూలు ఎనుముకు ఈసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఒప్పుకోవద్దు. పడ్డ ఎదకు వచ్చినప్పుడు దాని తండ్రి దున్నపోతునే మళ్లీ దాటించకుండా, బంధుత్వం లేని దున్న వీర్యంతో కృత్రిమ గర్భధారణ చేయించండి. దగ్గరి కలయికలో రక్షక జన్యువుల వైవిధ్యం తగ్గిపోయి, దాచి ఉన్న ముప్పులు ఒకచోట చేరతాయి. మచ్చల ఎనుముకు మగదూడ పుడితే, బొల్లి అని తేలిన పక్షంలో, దాన్ని విత్తనానికి మాత్రం వదలవద్దు.

ఈరోజే మచ్చలకు పగటి వెలుతురులో ఫోటోలు తీసి పెట్టుకోండి. ఖనిజ మిశ్రమం మొదలుపెట్టిన రెండు మూడు నెలలకు మళ్లీ తీసి పోల్చినప్పుడు, తుప్పురంగు ఎనుముకు కొత్తగా వచ్చే వెంట్రుకలు మొదళ్ల దగ్గర నల్లగా కనిపిస్తే లోపం మేతలోనే ఉందన్నమాట.