ఏజెంట్‌కి సర్వర్ తాళాలు ఇచ్చేయొచ్చా?

ప్రశ్న: సొంత సర్వర్ పెట్టుకున్నాను. ఫొటోలకి ఇమిచ్, ఫైళ్లకి నెక్స్ట్‌క్లౌడ్, పాస్‌వర్డ్‌లకి వాల్ట్‌వార్డెన్ పెట్టాలని ఉంది కానీ లినక్స్ కమాండ్లు అంతగా రావు. ఏఐ ఏజెంట్‌కి (మన తరఫున తానే పనులు చేసే ఏఐ ప్రోగ్రామ్‌కి) ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లి కమాండ్లు కొట్టే దారి) ఇచ్చేస్తే అన్నీ అదే చేసేస్తుందని ఒకరు, అలా కాదు, ఏజెంట్లు యాప్‌లు ఇన్‌స్టాల్ చేయడానికి వేరే టూల్స్ ఉన్నాయి అవి వాడమని ఇంకొకరు అంటున్నారు. ఏజెంట్ ఎలాగూ చేయగలిగినప్పుడు మధ్యలో ఇంకో టూల్ ఎందుకండీ?

జవాబు: ఎస్‌ఎస్‌హెచ్ ఇస్తే చేసేస్తుంది, అందులో అనుమానం లేదు. అయినా నేను మాత్రం మధ్యలో టూల్ ఉండాల్సిందే అంటాను, ఎందుకంటే రూట్ అధికారంతో, అంటే సర్వర్ మీద పూర్తి అధికారంతో ఎస్‌ఎస్‌హెచ్ ఇచ్చారంటే ఏజెంట్ ఏ కమాండ్ అయినా కొట్టగలదు, అందులో వెనక్కి తీసుకోలేనివి కూడా ఉంటాయి. ఉదాహరణకి ఒక యాప్‌ని డాకర్‌లో, అంటే యాప్‌లని కంటెయినర్లనే విడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్‌లో పెట్టారు, అది లేవడం లేదు, లాగ్‌లో డేటాబేస్ ఎర్రర్ కనిపిస్తోంది అనుకోండి. మొదటి నుంచి శుభ్రంగా పెడదాం అని ఏజెంట్ డాకర్ కంపోజ్ డౌన్ కమాండ్‌ని మైనస్ వి ఆప్షన్‌తో కొట్టిందంటే కంటెయినర్లతో పాటు ఆ కంపోజ్ ఫైల్లో (యాప్ ఎలా నడవాలో రాసి ఉంచే ఫైల్లో) రాసి ఉన్న వాల్యూమ్‌లు, అంటే యాప్ తన డేటా దాచుకునే చోట్లు కూడా పోతాయి. మీ ఫొటోల సమాచారం ఉన్నది ఆ వాల్యూమ్‌లోనే అయితే ఇక అంతే. దానికి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, అడిగిన సమస్యని తీర్చడానికే చూసింది, కానీ పోయిన డేటా పోయినట్టే.

మధ్యలో టూల్ ఉంటే ఏజెంట్ చేతికి షెల్ (కమాండ్లు కొట్టే చోటు) వెళ్లదు. ఈ యాప్ పెట్టు, లాగ్ చూపించు, రీస్టార్ట్ చెయ్యి అని అడగడం వరకే దాని పని. ఆ పనిని ముందే రాసి పెట్టుకున్న పద్ధతిలో టూల్ చేస్తుంది. తీసెయ్యడం, వాల్యూమ్ తుడవడం లాంటివి అసలు ఉండకూడదు, ఉన్నా మీరు సరే అన్నాకే జరగాలి. ఇలాంటి టూల్స్ చాలావరకు ఎంసీపీ అనే ప్రమాణం (ఏజెంట్లని బయటి టూల్స్‌తో కలిపే ఉమ్మడి పద్ధతి) మీద నడుస్తాయి. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ దాన్ని అందరికీ ఓపెన్‌గా విడుదల చేసింది, ఇప్పుడు వేరే కంపెనీల ఏజెంట్లు కూడా వాడుతున్నాయి. అయితే ఎంసీపీ అని పేరు ఉన్నంత మాత్రాన భద్రం అనుకోకండి. ఏ కమాండ్ ఇచ్చినా నడిపేస్తానని చెప్పే ఎంసీపీ టూల్ కూడా ఉంటుంది, దానికీ రూట్ షెల్‌కీ తేడా ఏముంది? ఏయే పనులు చేయనిస్తుందో ఆ జాబితా చదివాకే పెట్టుకోండి.

ఇంకోటి, చాలామంది రూట్ ఇవ్వలేదు కదా, డాకర్ గ్రూప్‌లో (డాకర్ వాడే అనుమతి ఉన్న యూజర్ల జాబితాలో) చేర్చాను అంతే అని ధీమాగా ఉంటారు. డాకర్ గ్రూప్‌లో ఉన్న యూజర్ మొత్తం డిస్క్‌ని ఒక కంటెయినర్‌లోకి మౌంట్ చేసి ఏ ఫైలైనా మార్చేయగలడు, అంటే రూట్ ఇచ్చినట్టే లెక్క. డాకర్ సాకెట్ (డాకర్‌కి ఆదేశాలు పంపే ద్వారం) అప్పగించినా ఇదే సంగతి.

పాస్‌వర్డ్‌ల విషయం మాత్రం నాకు అన్నిటికంటే ముఖ్యం. ఏజెంట్ చదివిన ప్రతి అక్షరం, మోడల్ మీ మెషీన్ మీదే నడుస్తుంటే తప్ప, ఆ మోడల్ నడిపే కంపెనీకి వెళ్తుంది. కాబట్టి డేటాబేస్ పాస్‌వర్డ్‌లు, అడ్మిన్ టోకెన్లు టూలే తయారు చేసి సర్వర్‌లోనే దాచాలి, ఏజెంట్‌కి పెట్టాను అన్న మాట ఒక్కటి తిరిగి వస్తే చాలు. మన పాస్‌వర్డ్‌లు మన దగ్గరే ఉండాలనే కదా వాల్ట్‌వార్డెన్ పెట్టుకునేది!

ప్రశ్న: ఏజెంట్ పెట్టిన యాప్ బయటి నుంచి ఎవరికైనా తెరుచుకుంటోంది. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్‌లోనే ఉంది, ఆ పోర్టు తెరవలేదు కూడా. టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఫైర్‌వాల్ బాగానే ఉంది, డాకర్ దాన్ని పక్కన పెట్టేసింది. పోర్టు పబ్లిష్ చేసినప్పుడు, అంటే బయటి నుంచి యాప్‌కి దారి తెరిచినప్పుడు, డాకర్ ఐపీటేబుల్స్‌లో (లినక్స్ ట్రాఫిక్ రూల్స్ ఉండే చోట) సొంత రూల్స్ రాసుకుంటుంది, వాటివల్ల ఆ ట్రాఫిక్ యూఎఫ్‌డబ్ల్యూ రూల్స్ దాకా రాకుండానే కంటెయినర్‌కి వెళ్లిపోతుంది. కంపోజ్ ఫైల్లో 8080:80 అని ఉంటే దాన్ని 127.0.0.1:8080:80 అని మార్చి కంటెయినర్‌ని మళ్లీ లేపండి, అప్పుడు ఆ సర్వర్ లోపలి నుంచే తెరుచుకుంటుంది. బయటికి కావాలంటే యాప్ ముందు క్యాడీ లాంటి రివర్స్ ప్రాక్సీ (బయటి నుంచి వచ్చేవాటిని అందుకుని యాప్‌కి పంపే ప్రోగ్రామ్) పెట్టండి, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అదే తెచ్చుకుంటుంది. ఇంట్లోవాళ్లు మాత్రమే వాడేదైతే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ చాలు, యాప్ పోర్టులేవీ బయటికి పెట్టనక్కర్లేదు.

ప్రశ్న: ఏజెంట్ ఇన్‌స్టాల్ సూచనలు ఇంటర్నెట్‌లో చదివి పెడుతోంది. ప్రమాదమా?

జవాబు: అవునండీ. మోడల్‌కి మీరు చెప్పిన మాటా, పేజీలో రాసి ఉన్న మాటా రెండూ టెక్స్టే. ఈ స్క్రిప్ట్ కూడా నడుపు అని ఆ పేజీలో ఎవరైనా దాచిపెడితే మీ ఆజ్ఞే అనుకుని నడిపేయొచ్చు. దీన్నే ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు, పూర్తిగా ఆపే మందు ఇంకా రాలేదు. ముందే పరిశీలించిన యాప్‌ల జాబితా నుంచే పెట్టనిచ్చే టూల్ అయితే ఈ దారి చాలావరకు మూసుకుపోతుంది.

ప్రశ్న: అప్‌డేట్లు కూడా దానికే వదిలేయనా?

జవాబు: చిన్నవి వదిలేయండి, డేటాబేస్‌ని మాత్రం వద్దు. వెర్షన్ నంబర్ బదులు లేటెస్ట్ (ఉన్నవాటిలో కొత్తది) అనే ట్యాగ్ పెట్టి ఉంచితే ఒకరోజు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 15 కాస్తా 16 అవుతుంది, పాత డేటా డైరెక్టరీతో అది లేవనంటుంది. సరిగ్గా అప్పుడే ఏజెంట్ మళ్లీ మొదటి నుంచి పెడదాం అనే ఆలోచనకి వస్తుంది. వెర్షన్ నంబర్ ఖాయంగా రాసి పెట్టుకోండి. అప్‌డేట్‌కి ముందు పీజీ డంప్ (డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్లోకి తీసే కమాండ్) తీయండి, నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లని ఊరికే కాపీ చేస్తే తర్వాత పనికిరాకపోవచ్చు. ఆ డంప్, ఫొటో ఫైళ్ల కాపీ కలిపి ఉన్న బ్యాకప్ ఏజెంట్ దగ్గరున్న ఏ కీతోనూ తుడవలేని వేరే మెషీన్‌లో ఉండాలి. అందులోంచి ఒకసారి వేరే చోట రీస్టోర్ చేసి ఫొటోలు తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే ఏజెంట్‌ని అప్‌డేట్ల జోలికి వెళ్లనివ్వండి.