ఇంటిల్లిపాదీ తోటపనికి దిగే ముందు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

పిల్లల వేసవి సెలవులు ముగిసేలోగా అందరూ కలిసి నూజివీడు తోటకు వచ్చి, దొడ్డి, కంచె, చెట్ల పనులన్నీ మీ చేతులతోనే చేసుకోవాలనుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. విని చాలా సంతోషించాను. రెండెకరాల మామిడితోట, పెంకుటిల్లు, చుట్టూ దొడ్డి ఉన్నచోట పనికి అంతు ఉండదు. అన్ని పనులూ ఒకేసారి మొదలుపెట్టి, ఏ ఒక్కటీ పూర్తికాకముందే తిరుగు ప్రయాణమైన కుటుంబాలను మన ఊళ్లోనే చాలా చూశాను. ఏ పని ముందో, ఏది ఎవరిదో బయలుదేరకముందే తేల్చుకోకపోతే మీకూ అదే జరుగుతుందన్న ఆందోళనతో ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

పనుల వరుసను మన వీలును బట్టి కాక వానను బట్టి నిర్ణయించుకోవాలి. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె, జూన్ 7, 8 తేదీలలో మృగశిర ప్రవేశిస్తాయి. తొలకరి ఎప్పుడైనా పడవచ్చు కనుక, నీరు పారవలసిన దారులను అన్నింటికంటే ముందు బాగుచేయండి. పెరటి కాలువలోని ఆకులు, పూడిక తీసివేయాలి. తోట పల్లం వైపు బోదె తెగినచోట మట్టి వేసి గట్టిపరచాలి. చూరు నీరు గోడ మొదట్లో నిలవకుండా వాలు చూడాలి. కొత్త మొక్కలకు గుంతలు తవ్వే పని కూడా వెంటనే మొదలుపెట్టాలి. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతుతో తవ్విన గుంత కొన్నాళ్లపాటు ఎండకు ఎండితేనే మట్టిలోని పురుగు, తెగులు తగ్గుతాయి. కంచె పని వాన మొదలైన తరువాత చేసినా నష్టం లేదు. గిరిపుష్పం కొమ్మలు తడి నేలలో పాతితే వాటంతట అవే వేళ్లూనుకుంటాయి, పైగా ఏటా వాటి ఆకు పచ్చిరొట్ట ఎరువుకు పనికివస్తుంది.

చెట్ల విషయంలో కోత పూర్తయినవాటితోనే మొదలుపెట్టాలి. బంగినపల్లి ముందు ఖాళీ అవుతుంది, రసాలు తరువాత, కలెక్టరు అన్నింటికంటే ఆఖరున. కాయ ఉన్న చెట్టు జోలికి వెళ్లకండి.

ఇక మనుషుల సంగతి. ఇంటిపెద్ద ఒకచోట నిలబడి అది తీసుకురా, ఇది పట్టుకో అని పురమాయిస్తూ ఉంటే రెండో రోజుకే అందరికీ విసుగు పుడుతుంది. ఒక్కొక్కరికీ ఒక పనిని మొదటి నుండి చివరి వరకు అప్పగించు. అది ఎలా చేయాలో ఒకసారి చేసి చూపించి, ఆపైన వారి తీరుకు వదిలెయ్యి. మీ అమ్మ వంగి పని చేయలేకపోవచ్చు గాని, ఏ చెట్టు ఏటేటా కాస్తుందో, ఏది ఏడాది విడిచి ఏడాది కాస్తుందో ఆమెకు తెలిసినంతగా మనకెవరికీ తెలియదు. ఏ కొమ్మ తీయాలో, ఏది ఉంచాలో ఆమెనే చెప్పమను. బీర, సొర, కాకర విత్తనాలు ఏరి, మృగశిరలో పాదులు పెట్టించే పని కూడా ఆమెదే. కోడలి మీద వంట భారం మొత్తం వేసి, తోటలో చేయి వేయలేదని ఎవరూ అనకూడదు. ముందు రాత్రి వండిన అన్నం, మజ్జిగ, ఆవకాయతో పొద్దుటి పూట గడుస్తుంది. మధ్యాహ్నం వంటకు నీవూ ఆమెతో పాటు కూర్చో. తెల్లవారక ముందే లేచి తొమ్మిదిన్నరకల్లా తోట నుండి నీడకు చేరండి, మళ్లీ నాలుగున్నర దాటాకనే దిగండి. రోహిణి ఎండలో పౌరుషాలకు పోవడం మంచిది కాదు.

పిల్లలకు ఉబుసుపోక కోసమన్నట్లు కాకుండా నిజంగా అవసరమైన పనే ఇవ్వాలి. మామిడి కాండం తొలిచే పురుగును వెతకడానికి వారి కళ్లే సరైనవి. మొదలు చుట్టూ రంపపు పొట్టు వంటి పొడి రాలి ఉంటే, దానికి పైన బెరడులో సన్నని రంధ్రం కనిపిస్తుంది. పిల్లలు అక్కడ సుద్దతో గుర్తు పెడితే, నీవు ఇనుప తీగను లోపలికి పోనిచ్చి పురుగును లాగివేసి, పెట్రోలులో ముంచిన దూదిని రంధ్రంలో కూరి బంకమట్టితో మూసివెయ్యి. పెట్రోలు వారి చేతికి ఇవ్వకు. కొమ్మలకు అతుక్కుని చెట్టు సారాన్ని పీల్చే బదనిక మొక్కను కూడా వారే గుర్తుపడతారు, దాని ఆకు మామిడి ఆకులో కలవకుండా మందంగా, వేరుగా కనిపిస్తుంది. దానిని పైపైన తుంచితే మళ్లీ చిగురిస్తుంది. అతుక్కున్న చోటికి దిగువన కొమ్మనే కోసివేయాలి. బదనికకు పండ్లు కాయకముందే తీసేయండి, లేకపోతే పక్షులు ఆ గింజలను పక్క చెట్లకు చేరుస్తాయి.

లావు కొమ్మను కోసేటప్పుడు ముందుగా కింది వైపు నుండి కొంత లోతు రంపం పెట్టి, తరువాత పై నుండి కోయాలి. పై నుండే కోస్తే బరువుకు కొమ్మ విరిగి, కాండం మీది బెరడు మూరెడు పొడవున చీలుతుంది. నడిమధ్య కొమ్మలు తీసి చెట్టు లోపలికి ఎండ దిగేలా చూడు. కోసినచోట తెగులు సోకకుండా బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తాన్ని ఐదు లీటర్ల నీటిలో, కిలో సున్నాన్ని వేరే ఐదు లీటర్లలో కరిగించి, రెండింటినీ ప్లాస్టిక్ డ్రమ్ములో కలుపు. ఇనుప పాత్ర వాడకూడదు. మెరిసే చాకు మొనను అందులో కాసేపు ముంచి చూడు. ఎర్రని పూత అంటుకుంటే ఇంకొంచెం సున్నం కలపాలి. చేతికి తొడుగు వేసుకుని, ఏ రోజు కలిపింది ఆ రోజే వాడు.

ఎరువును చెట్టు మొదట్లో కుమ్మరించే అలవాటు మన వైపు ఇంకా పోలేదు. నేలసారాన్ని తీసుకునే సన్నవేళ్లు చెట్టు కొమ్మల గొడుగు అంచు కింద ఉంటాయి కాబట్టి, కాండానికి ఐదారు అడుగుల దూరంలో చుట్టూ పాదు తీసి, పెద్ద చెట్టుకు 50 కిలోల చివికిన పశువుల ఎరువు వేసి మట్టి కప్పండి. రాలిన ఆకులను చెట్టు కింద తగలబెట్టవద్దు. ఆ సెగకు బెరడు కమిలిపోతుంది. గుంతలో వేసి పేడనీళ్లు చల్లితే వచ్చే ఏటికి అదే ఎరువు.

కట్టెల మోపు, రాళ్ల కుప్ప, పాత పెంకుల దొంతర వంటివి కదిలించే ముందు కర్రతో తట్టి చూడండి. కాళ్లకు బూట్లు లేనివారు ఆ దరిదాపులకు రాకూడదు. మన ప్రాంతంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఉన్నాయి. ఎవరినైనా పాము కరిస్తే కట్లు కట్టడం, గాటు పెట్టడం, మంత్రాలు వేయించడం వంటివేవీ వద్దు. కరిచిన అవయవాన్ని కదలనీయకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

కొబ్బరిచెట్లు ఎక్కడం, ఇంటి పెంకులు మార్చడం, బావిలోకి దిగి పూడిక తీయడం మాత్రం కుటుంబంతో చేసే పనులు కావు. అవి తెలిసినవారికి తగిన కూలి ఇచ్చి చేయించు, బేరం ఆడకు. తొలకరి దగ్గరపడే కొద్దీ చెట్లెక్కేవారికీ, పెంకు నేసేవారికీ ఊపిరి సలపదు. కాబట్టి ఈ ఉత్తరం అందిన వెంటనే వారితో రోజు మాట్లాడుకో. ఇంట్లోని కొడవళ్లు, రంపం, గడ్డపార నేను ముందే సానపట్టించి పెడతాను. చేతి తొడుగులు, పిల్లల కొలతకు బూట్లు నీవు వచ్చేటప్పుడు తీసుకురా.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న