మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను

అనంతపురం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. ప్రభుత్వ విధానాల విశ్లేషణ ఎలా నేర్చుకోవాలని అడుగుతూ నువ్వు పంపిన వ్యాసం అందింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ‘మన జిల్లా సమస్య బిందుసేద్యానికి రాయితీ చాలకపోవడం’ అన్నావు. అది సమస్య కాదమ్మా, నీకు ముందే నచ్చిన పరిష్కారం. బోర్లు ఎండిపోవడం సమస్య. అలా రాస్తేనే ఎవరి బోరు, ఎందుకు ఎండిందన్న ప్రశ్న పుడుతుంది.

2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. మోటారు ఇంకో గంట నడిపినా రైతుకు కరెంటు ఖర్చు పెరగదు. కానీ పక్క చేనులో నీటిమట్టం దిగుతుంది. ఆ రైతు అప్పు చేసి ఇంకా లోతుకు బోరు వేయిస్తాడు. వాననే నమ్ముకున్న వేరుశనగ రైతుకు ఈ ఉచిత కరెంటులో దక్కేది ఏమీ లేదు. బిందుసేద్యంతో మిగిలిన నీటిని మరో ఎకరానికి పారిస్తే, భూమిలో నీరు మిగలదు. అలాగని కరెంటుకు ఛార్జీ పెట్టాలని తేలిగ్గా రాసెయ్యకు. అప్పుల్లో ఉన్నవాడిపై ఎంత భారం పడుతుందో, ఏ ప్రభుత్వం అందుకు సిద్ధపడుతుందో ఆలోచించు. ఇప్పుడున్నట్టే వదిలేస్తే ఏమవుతుందో కూడా రాసి, మిగతా మార్గాలను దానితో పోల్చు.

పోల్చి చూడకపోవడం వల్లే నేను తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చెక్‌డ్యాములు కట్టిన ఊళ్లో బావులు నిండాయని నివేదిక రాశాను. ఆ ఏడాది వానలు బాగా కురిశాయి. చెక్‌డ్యాములు లేని పక్క ఊళ్లోనూ బావులు నిండాయని తర్వాత తెలిసింది. మైలు దూరం నడిచి చూడలేదే అన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఖర్చు, ప్రయోజనాల లెక్క పుస్తకాల్లో నేర్చుకోవచ్చు. మొత్తం లాభం ఒక్క అంకెలో చెప్పి ఊరుకోకు. ఎవరికి ఎంత వచ్చింది, ఎవరు ఎంత పోగొట్టుకున్నారు అన్నది పక్కనే చూపించు.

సెలవుల్లో రా, నార్పల మండలం బండ్లపల్లికి వెళ్దాం. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించింది అక్కడే. మస్టరు అంటే హాజరు పట్టీ, జాబ్‌కార్డు, కూలీ చెప్పిన మాట, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి సామాజిక తనిఖీలో, అంటే పథకం పనుల లెక్కలను జనం ముందు సరిచూసేటప్పుడు, ఎలా చూస్తారో అక్కడి వాళ్లనే అడుగుదాం. నోటుపుస్తకం తెచ్చుకో. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకో, నీ అభిప్రాయం ఇంటికొచ్చాక వేరే పేజీలో రాయి.

నీ పెదనాన్న