పైరైట్ నురగలోకి ఎందుకు ఎక్కుతోందంటే

ఫ్లోటేషన్‌లో (ఖనిజాన్ని నురగతో తేల్చి వేరుచేసే పద్ధతి) రాగి ఖనిజమైన చాల్కోపైరైట్‌కి పొటాషియం అమైల్ జాంథేట్ వేస్తే రికవరీ (రాగి రాబడి) బాగానే ఉంది, కానీ కాన్సంట్రేట్ (నురగతో తీసిన సరుకు) నిండా అక్కర్లేని ఇనుప ఖనిజం పైరైటే వస్తోందన్నారు. పీహెచ్ 8 దగ్గర నడుపుతున్నామన్నారు. చిక్కంతా ఆ రెండింట్లోనే ఉందండీ.

అమైల్ జాంథేట్ బాగా బలమైన కలెక్టర్, అంటే ఖనిజపు రేణువులకి అంటుకుని వాటిని నురగ బుడగలకి పట్టించే మందు. కార్బన్ గొలుసు పొడవయ్యేకొద్దీ పట్టు పెరుగుతుంది, ఏరుకునే గుణం తగ్గుతుంది. ముందు సున్నం సంగతి చూడండి. పీహెచ్‌ను 11 దాకా తీసుకెళ్తే పైరైట్ మీద హైడ్రాక్సైడ్ పొర కట్టి, జాంథేట్ సరిగా అంటుకోదు. సున్నాన్ని నురగ తేల్చే సెల్‌లో (తొట్టిలో) కాదు, ఖనిజం నూరే మిల్లులోనే వేయండి. కలెక్టర్ ఒకసారి పైరైట్‌కి పట్టాక వదిలించడం పెద్ద తలనొప్పి.

అప్పటికీ తగ్గకపోతే ఐసోప్రొపైల్ జాంథేట్‌కి మారండి. టన్నుకి 10 గ్రాములతో మొదలుపెట్టి విడతలుగా పెంచండి. ప్రతిసారీ కాస్త నురగ గిన్నెలో కడిగి భూతద్దంతో చూడండి: చాల్కోపైరైట్ ముదురు ఇత్తడి రంగులో ఉంటుంది, పైరైట్ పాలిపోయినట్టుంటుంది.

అన్నట్టు, జాంథేట్ ద్రావణం ఏ రోజుకారోజు కలుపుకోండి. వారం నాటిది వాడి, రికవరీ ఎందుకు పడిపోయిందో తెలియక నేను రెండు రోజులు జుట్టు పీక్కున్నాను. యాసిడ్ దగ్గరకి మాత్రం దాన్ని రానివ్వకండి. కార్బన్ డైసల్ఫైడ్ పుడుతుంది; అది విషం, పైగా ఇట్టే అంటుకుంటుంది.