ఎండలు మండుతాయని చెప్పడానికి డిగ్రీ ఎందుకండీ?

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి వ్యాపారం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. అందరూ సీఎస్ఈ అంటుంటే తను మాత్రం వాతావరణ శాఖ ఇచ్చే వేసవి అంచనాలు చూసి అదే చదువుతానంటోంది. మే నెలలో గుంటూరులో ఎండలు మండుతాయని చెప్పడానికి చదువు కావాలా? ఉద్యోగాలుంటాయా?

జవాబు: నవ్వొచ్చింది కానీ, మీరు అడిగింది సబబే. బ్లేజ్‌వాడ అని వెక్కిరింపులు పడే విజయవాడలో, వేడిగాలి కొట్టే ఫ్యాను కింద కూర్చుని రాస్తున్నా, ఎండ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు. అయితే ఆ అంచనాలో మే 14న గుంటూరులో 44 డిగ్రీలు అని ఉండదండీ. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఫలానా ప్రాంతంలో వేడి మామూలు కంటే ఎక్కువగా ఉండే అవకాశం ఎంత, వడగాలుల రోజులు పెరుగుతాయా, ఇదే ఉంటుంది.

రేపటి వానే సరిగ్గా చెప్పలేరు, మూడు నెలల సంగతి ఎలా చెబుతారంటారా? ఏ రోజు ఎలా ఉంటుందో రెండు వారాలు దాటాక చెప్పడం ఎవరి వల్లా కాదు, నిజమే. కానీ సముద్రం నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి, పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో నీళ్లు వేడెక్కితే (ఎల్ నినో అంటారే, అదే) దాని ప్రభావం నెలల తరబడి మన దాకా ఉంటుంది. ఆ వేడిని కంప్యూటర్ మోడల్‌కిచ్చి, మొదటి లెక్కలు కొద్దికొద్దిగా మారుస్తూ పదుల సార్లు నడుపుతారు. 40 సార్లలో 28 సార్లు ఎండ ఎక్కువని వచ్చిందనుకోండి, అవకాశం 70 శాతం. మిగతా 30 శాతం జరిగితే అందరూ తిడతారు, అది వేరే సంగతి. సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంచాలా, యార్డుకు పంపాలా అని మీరు వేసేదీ ఇలాంటి లెక్కే.

అవసరం లేని పనేం కాదు. 2015 మే వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా పోతే, అందులో ఎక్కువమంది మన రాష్ట్రం వాళ్లే. కరెంటు ఎంత కొనాలి, ఉపాధి హామీ పనులు ఎన్నింటికి మొదలుపెట్టాలి, ఇలాంటివన్నీ ముందే తెలిస్తే ఎంత తేడా!

చదువు విషయానికొస్తే, సీఎస్ఈ వద్దని నేను చెప్పను. ఈ పనంతా ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, పైథాన్ కోడింగే కాబట్టి బీటెక్ చేసి కూడా రావచ్చు, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపర్లో వాతావరణ, సముద్ర శాస్త్రాలకు ఒక సెక్షనే ఉంది. లేదంటే ఫిజిక్స్, మ్యాథ్స్‌తో బీఎస్సీ చేసి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఎమ్మెస్సీ మెటీరియాలజీకి (వాతావరణ శాస్త్రానికి) వెళ్లొచ్చు. పరిశోధన కావాలంటే బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ ఢిల్లీ, పుణెలో ఐఐటీఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాపికల్ మెటీరియాలజీ).

ఉద్యోగాల దగ్గర మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు స్టాఫ్ సెలెక్షన్ ద్వారా పడతాయి, డిగ్రీ చాలు, కానీ ఏటా పడవు: 2017లో వచ్చింది, మళ్లీ 2022లో 990 పోస్టులకు వచ్చింది. అదొక్కటే నమ్ముకుంటే ఇంట్లో అందరికీ టెన్షన్. పైగా రాత్రి డ్యూటీలు, దేశంలో ఎక్కడికైనా బదిలీలు. వాటికి మీరు సిద్ధమేనా అన్నది అమ్మాయిని కాదు, మిమ్మల్నే అడుగుతున్నాను. ప్రైవేటులో పంటల బీమా, సోలార్, పవన విద్యుత్ కంపెనీలకు ఈ లెక్కలు తెలిసినవాళ్లు కావాలి, అక్కడ కోడింగ్ రాకపోతే లోపలికి రానివ్వరు.

ఒక పని చేయించండి. నెల రోజులు గన్నవరం గరిష్ఠ ఉష్ణోగ్రత రోజూ ఎక్సెల్‌లో ఎక్కించి, మామూలు కంటే ఎంత తేడా ఉందో తననే లెక్కకట్టమనండి. పదో రోజుకే విసుగొస్తే ఆమెకు నచ్చింది యూట్యూబ్‌లో మబ్బుల మ్యాపులేనని తెలిసిపోతుంది. ఆసక్తి అలాగే ఉంటే నాకు మళ్లీ రాయండి, ఈసారి ఇంటర్ ఫిజిక్స్, మ్యాథ్స్ మార్కులు కూడా రాయండి, అన్నీ రాసి అవే వదిలేశారు.