తవిటినాయుడు అంటే తవుడే, వెతకడానికి ఇంకేం లేదు

"మా తాతగారి పేరు తవిటయ్య, సొంతూరు శ్రీకాకుళం వైపు. ఈ పేరుకి అర్థం ఏమిటి, ఇది ఏ దేవుడి పేరు?" అని అడిగారు. ఏ దేవుడిదీ కాదండి. తవుడే. గేదెకి కుడితిలో కలిపే తవుడు. కూడు కూటి అయినట్టు, గూడు గూటి అయినట్టు తవుడు తవిటి అవుతుంది. దానికి అయ్యో, అమ్మో, నాయుడో తగిలిస్తే పేరు. నా పేరు తవిటినాయుడు, 1978 నుంచి మోస్తున్నాను, కాబట్టి ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మొచ్చు. ఇదే ప్రశ్నకి ఒకాయన 'తపతి' నుంచి వచ్చింది, ఆవిడ సూర్యుడి కూతురు అని రాశారు. పక్కనే అరసవల్లిలో సూర్యుడి గుడి ఉంది కదా అని అతికించేసినట్టున్నారు. పల్లెటూరి మాట ఏది కనపడినా దానికి సంస్కృతంలో ఒక తండ్రిని వెతికే జబ్బు మనవాళ్ళకి ఎప్పుడు పోతుందో.

అయితే మీకు దేవుడి పేరని అనుమానం రావడంలో తప్పులేదు. మా వైపు సగం పేర్లు అలాంటివే. సింహాద్రి అప్పన్న వల్ల అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ, ఇక సింహాచలం అయితే ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ కూడా. విజయనగరం పైడితల్లమ్మ వల్ల పైడిరాజు, పైడమ్మ. శ్రీకూర్మం వల్ల కూర్మినాయుడు, కూర్మారావు. శ్రీముఖలింగం వల్ల ముఖలింగం. మా తరగతిలో నలుగురు అప్పలనాయుళ్ళు ఉండేవారు. మాస్టారు వాళ్ళని నల్లోడు, పొట్టోడు అని పిలిచి హాజరు వేసేవారు. ఇవన్నీ దేవుడికి మొక్కుకుని పెట్టిన పేర్లు. తవిటయ్య, పెంటయ్య మాత్రం దేవుడి కన్ను పడకుండా పెట్టిన పేర్లు. రెండూ ఒకటి కావు.

నాకంటే ముందు మా అమ్మకి ఇద్దరు పుట్టి పోయారు. ఒకడు పదకొండో రోజుకి, ఒకర్తె నాలుగో నెలకి. ఆ రోజుల్లో అదేం వింత కాదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు, ఇప్పుడా లెక్క ముప్పై లోపుకి దిగింది. మా ఊరు రాజాం దగ్గర (అప్పుడు శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి విజయనగరం జిల్లా, ఊరు అక్కడే ఉంది, కాయితాల్లో మాత్రం మేం వలస పోయాం). నేను పుట్టాక మా మామ్మ ఇంక ఆలోచించలేదు. చేటలో తవుడు పోసి, దాని మీద గుడ్డ పరిచి నన్ను పడుకోబెట్టి, ఎదురింటి పెద్దమ్మకి గుమ్మం అవతలే ఇచ్చేసింది. ఆవిడ వాళ్ళ ఇంటికి తీసుకుపోయింది. సాయంత్రం మా అమ్మ మానెడు తవుడు కొలిచి ఇచ్చి నన్ను తిరిగి కొనుక్కుంది. అంటే నేను మా అమ్మ కన్న కొడుకుని కాదు, తవుడిచ్చి కొనుక్కున్నవాణ్ణి. ఆ ఇంట్లో పిల్లలు బతకరని రాసిపెట్టినా ఈ పిల్లాడు ఆ లెక్కలోకి రాడన్నమాట. పైగా నాకు ముక్కు కూడా కుట్టించారు, ఆ గాటు ఇప్పటికీ కుడివైపు ఉంది.

ఇదంతా నాకు పదేళ్ళొచ్చేదాకా తెలీదు. ఐదో తరగతిలో ఒకడు కుడితి తొట్టి దగ్గర నన్ను నిలబెట్టి "ఒరే, గేదె వచ్చింది, నువ్వు దిగరా" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి పేరు మార్చమని ఏడిస్తే అమ్మ ఏమీ అనకుండా "పోయి ఎదురింటి పెద్దమ్మనడుగు" అంది. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని చుట్ట అడ్డపొగ పీలుస్తోంది. నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అంత తీరుబడిగా ఎలా మాట్లాడేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. చుట్ట బయటికి తీసి, బూడిద దులిపి, చేట సంగతి, బేరం సంగతి అంతా చెప్పింది. నాకు అన్నిటికంటే మానెడు అన్న మాట దగ్గర మండింది.

"నా ఖరీదు మానెడేనా?"

"మానెడూ కాదురా నాయనా, అందులో సగం ఊకే. మీ యమ్మ పిసినారిది."

"ఇంకొంచెం ఎక్కువ అడగొచ్చు కదా నువ్వు!"

"ఎక్కువ అడిగితే ఇదేదో ఇలువైన సరుకని ఆడికి తెలిసిపోదేటి?" అంది పైకి వేలు చూపించి.

సరే, ఆ తవుడు తిరిగిచ్చేస్తే పేరు పోతుంది కదా అని నా తెలివి నేను చూపించాను. పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. "ఇంకెక్కడి తవుడురా గుంటడా, ఆ రోజు సాయంత్రమే మా గేదెకి కుడితిలో కలిపేసినాను. మర్నాడు అరసోలెడు పాలు ఎక్కువిచ్చింది కూడాను." అంటే బేరం వెనక్కి తిప్పే దారి కూడా లేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ సంక్రాంతికి మా ఇంటినుంచి ఆవిడకి అరిసెలు వెళ్ళేవి. నా పెళ్ళిలో మా అమ్మకి పెట్టినలాంటి చీరే ఆవిడకీ పెట్టారు. ధర ఒకటే, అంచు రంగే తేడా. ఆవిడ అది కూడా లెక్కపెట్టి చూసుకుంది.

ఇది మా ఒక్క జిల్లా చాదస్తం అనుకునేవాళ్ళకి ఒక మాట. ఖుదీరామ్ బోస్ పేరు విన్నారు కదా, 1908 ఆగస్టు 11న పద్దెనిమిదేళ్ళకే ఉరికంబం ఎక్కినవాడు. ఆయనకంటే ముందు పుట్టిన మగపిల్లలు పోతే, ఆయన్ని మూడు గుప్పెళ్ళ నూకలకి సొంత అక్కకి అమ్మారు. బెంగాలీలో 'ఖుద్' అంటే నూకలే. మేం తవుడు, వాళ్ళు నూకలు. మనం కూడా మనిషి పోతే "భూమ్మీద నూకలు చెల్లిపోయాయి" అంటాం. తమిళుల కుప్పుస్వామిలో ఉన్నది కుప్ప, అంటే చెత్తకుప్ప, మన పెంటయ్యకి సాక్షాత్తూ అన్నగారే. ఇన్ని భాషల తల్లులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే ఒకటే ఎత్తు వేశారంటే అది చాదస్తం అంటే నేను ఒప్పుకోను.

నాకు బాధ వేరే ఉంది. సినిమాల్లో మా యాస మాట్లాడేవాడు పనివాడో, దొంగో, నవ్వించేవాడో అవుతాడు. వాడికి పేరు పెట్టాల్సొస్తే ఎప్పుడూ మా పేర్లే. హీరోకి ఎప్పుడైనా తవిటినాయుడని పెట్టారా? ఆధార్‌లో నా పేరులో 'టీ' పక్కన 'హెచ్' ఉంది, పాన్‌లో లేదు, బ్యాంకు పుస్తకంలో పేరు రెండు ముక్కలు. ఈ మూడింటినీ కలపడానికి నేను తిరిగిన తిరుగుళ్ళు మానెడు తవుడుకి ఎక్కువే. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో చేరిన రోజు అందరినీ నిలబెట్టి మీ పేరు, దాని అర్థం చెప్పండన్నారు. ఒకడు అనంతం అన్నాడు, ఒకమ్మాయి తొలి వెలుగు అంది. నేను తవుడు అన్నాను. ఆ మేడమ్ రెండు క్షణాలు ఆలోచించి "వావ్, తవుడు నూనె గుండెకి చాలా మంచిది" అంది.

ఇప్పటి పిల్లల పేర్లు చూడండి, ఒకే పేరుకి మూడు చోట్ల మూడు అర్థాలు రాసి ఉంటాయి, మూడోచోట 'విష్ణువు' అని తప్పకుండా ఉంటుంది. మా అమ్మాయికి కూడా అలాంటిదే రెండక్షరాల పేరు పెట్టాం. నేను మాట్లాడలేదు. ఆసుపత్రిలో పుట్టింది, టీకాలన్నీ వేయించాం, తవుడు అవసరం రాలేదు.

మీ తాతగారి విషయానికొస్తే, పేరుకి అర్థం నన్నడిగి లాభం లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే ఆయనకంటే ముందు ఎంతమంది పుట్టారో అడగండి. ఎవరింటికి అమ్మారో, ఎంత తవుడిచ్చి తెచ్చుకున్నారో కూడా కనుక్కోండి. ఆ ఇంటివాళ్ళు ఇంకా ఆ ఊళ్ళోనే ఉంటే, ఏ లెక్కన చూసినా మీకు చుట్టాలే.