అప్పజెప్పకుండా ఎన్నిసార్లు చదివినా అంతే

ప్రశ్న: "డీఎస్సీకి (టీచర్ ఉద్యోగాల పరీక్ష) ప్రిపేర్ అవుతున్నాను. సైకాలజీ మెటీరియల్ ఐదుసార్లు తిరగేశాను. చదివేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది, టెస్ట్‌లో మాత్రం గుర్తు రావట్లేదు. జ్ఞాపకశక్తికి టాబ్లెట్లు ఏమన్నా పనిచేస్తాయా?"

టాబ్లెట్ల సంగతి పక్కన పెట్టేయండి. "చదివేటప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది" అన్నారు చూడండి, గొడవంతా అక్కడే ఉంది. నాకూ అచ్చం ఇదే జరిగింది, ఒక డీఎస్సీ పోయింది కూడా.

మొదటిసారి అవనిగడ్డలో కోచింగ్‌కి ఉన్నప్పుడు రూమ్‌లో నలుగురం. తెల్లారి నాలుగింటికి లేచి మేడ మీద తిరుగుతూ చదివేవాళ్ళం. మొదటి రివిజన్‌కి పసుపు హైలైటర్, రెండోదానికి గులాబీ, మూడోసారికి ఆకుపచ్చ, చివరికి పేజీలో తెల్లగా మిగిలింది మార్జినే. ఒక ఆదివారం గ్రాండ్ టెస్ట్‌లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ సైకాలజిస్టు మీద బిట్ వచ్చింది, నేర్చుకున్న ఒక రోజుకి ఎంత శాతం మర్చిపోతాం అని. ఆ పట్టిక ఎడమ పేజీలో కింద ఉందని గుర్తుంది, దాని మీద నా టీ మరక పడిందని గుర్తుంది, అంకె మాత్రం రాలా. మర్చిపోవడం గురించిన బిట్టునే మర్చిపోయావే అని రూమ్‌లో వారం రోజులు ఏడిపించారు. (ఆయన 1885లో వేసిన పుస్తకంలోది అది, అర్థం లేని అక్షరాలు తనే బట్టీ పట్టి, కొన్నాళ్ళాగి మళ్ళీ నేర్చుకునేటప్పుడు ఎంత టైం కలిసొస్తుందో కొలిచాడు, ఒక్క రోజుకే కలిసొచ్చేది మూడో వంతుకి పడిపోయింది, అంటే మిగతా రెండు వంతులు మర్చిపోయినట్టే. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తా.)

ఆ డీఎస్సీ పోయాక ఇంటికొచ్చేశా. మా అమ్మ ఏడో క్లాసు దాకా చదివింది. చిన్నప్పుడు ఎక్కాలు, వేమన పద్యాలు ఆవిడకి అప్పజెప్తేగానీ అన్నం పెట్టేది కాదు. మళ్ళీ నేను హైలైటర్ పట్టుకుని కూర్చోవడం చూసి ఒకరోజు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ "ఇటివ్వవే ఆ పుస్తకం, నేనడుగుతా" అంది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని "పిల్లిని పెట్టెలో పెట్టింది ఎవరు?" అంది. థార్న్‌డైక్ అన్నా. "దాన్నేవంటారు?" యత్నదోష అభ్యసనం, అంటే తప్పులు చేస్తూ చేస్తూ నేర్చుకోవడం. "మరి కోతికి అరటిపండు?" కోహ్లర్, అంతర్దృష్టి. "ఆ కోతి పేరు?" ఖాళీ. నిన్ననే చదివా, పేరు నాలుక చివర్నే ఉంది, రావట్లా. నేను పుస్తకం వైపు వంగబోతే చేత్తో మూసేసి "చూడకుండా చెప్పు" అంది. ఒక నిమిషం తల పట్టుకున్నాక వచ్చింది, సుల్తాన్. అది కోతి కాదు చింపాంజీ అంటే "ఏదో ఒకటిలే, పేరు చెప్పావుగా" అంది.

అలా రోజూ కూరగాయలు తరిగే టైంలో అరగంట. మొదటివారం సిగ్గేసేది, ఐదుసార్లు చదివిన చాప్టర్లో సగం కూడా నోటికి రావట్లేదని.

ఇలా చూడకుండా గుర్తు తెచ్చుకుంటే బాగా గుర్తుండటాన్ని టెస్టింగ్ ఎఫెక్ట్ అంటారని, దీని మీద పెద్ద పరిశోధనే జరిగిందని ఉద్యోగం వచ్చాక ఒక ట్రైనింగ్‌లో తెలిసింది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు కాగ్నిటివ్ సైకాలజిస్టులు 2006లో ఒక పేపర్ వేశారు. కాలేజీ పిల్లలకి చిన్న పాఠం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివింది, అన్నీ కలిపి సగటున పద్నాలుగు సార్లు. ఇంకో గుంపుకి ఒక్క విడతే ఇచ్చారు, వాళ్ళు మూడు నాలుగు సార్లు చదివారంతే, మిగతా మూడు విడతలూ ఖాళీ కాగితం మీద గుర్తున్నంత రాయడమే. ఐదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవాళ్ళే ముందు, 83 శాతం, రాసినవాళ్ళకి 71. ఇవే రెండు పద్ధతుల్లో నేర్చుకున్న వేరేవాళ్ళని వారం పోయాక పరీక్షిస్తే సీన్ రివర్స్, పద్నాలుగు సార్లు చదివిన బ్యాచ్‌కి 40, రాసిన బ్యాచ్‌కి 61. పైగా ముందే "వారం తర్వాత ఎంత గుర్తుంటుంది అనుకుంటున్నారు" అని అడిగితే చదివినవాళ్ళకే కాన్ఫిడెన్స్ ఎక్కువ. నా మూడు రంగుల హైలైటర్ కథ అదే కదా, కళ్ళకి అలవాటైన పేజీని చూసి వచ్చేసింది అనుకోవడం.

నాకు ఇంకా గట్టిగా తగిలింది వాళ్ళ 2008 ప్రయోగం. నలభై స్వాహిలీ మాటలకి ఇంగ్లీషు అర్థాలు నేర్పించారు. మనమందరం ఏం చేస్తాం, ఒకసారి కరెక్ట్‌గా చెప్పాక టిక్ పెట్టి రానివాటి మీద పడతాం, టైం ఆదా అని. కొందరి చేత అలాగే చేయించారు, వచ్చిన మాటని మళ్ళీ అడగలేదు. ఇంకొందర్ని వచ్చినవి కూడా అడుగుతూనే ఉన్నారు. వారం తర్వాత అడిగించుకున్నవాళ్ళకి దాదాపు 80 శాతం గుర్తుంది, టిక్ పెట్టి వదిలేసినవాళ్ళకి ముప్పై చిల్లర. వచ్చినదాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం వల్ల మాత్రం పెద్దగా ఒరిగిందేం లేదు. విచిత్రం ఏంటంటే అన్ని గుంపులవాళ్ళూ తమకి సగం దాకా గుర్తుంటాయనే అంచనా వేశారు, ఎవరు బాగా నేర్చుకున్నారో వాళ్ళకే తెలీదు. ఏం చదవాలి ఏది వదిలెయ్యాలి అని రోజూ మనం తీసుకునే నిర్ణయాలు ఆ "వచ్చేసింది" అన్న ఫీలింగ్ మీదేగా, ఆ మీటరే తప్పు చూపిస్తుంటే ఇంకేం చేస్తాం.

అలాగని చదవకుండా టెస్టులు రాసేయమని కాదు. అర్థం చేసుకుంటూ ఒకసారి బాగా చదవాలి, అది లేకపోతే గుర్తు తెచ్చుకోడానికి ఏం ఉంటుంది. చెప్పిన తర్వాత పుస్తకం తీసి సరిచూసుకోవడం కూడా తప్పనిసరి, నేను స్కిన్నర్ సిద్ధాంతం దగ్గరకొచ్చేసరికి పావ్లోవ్‌ది, అంటే శాస్త్రీయ నిబంధనం, చెప్పేసి అదే కరెక్టని చాలా రోజులు తిరిగా, అమ్మ చూసి చెప్పేదాకా తెలీలేదు.

మీకు ఇంకెన్ని రోజులున్నాయో రాయలేదు. నేనైతే ఆరో రివిజన్ మొదలుపెట్టను. సాయంత్రం చదివిన చాప్టర్ రాత్రి పడుకునే ముందు తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయండి, రానిది పుస్తకం చూసి ఎర్ర పెన్నుతో నింపండి, రెండ్రోజులాగి మళ్ళీ కొత్త కాగితం, ఆ తర్వాత వారానికి ఇంకోటి, టిక్ పెట్టిన బిట్లతో సహా. రూమ్‌మేట్స్ ఉంటే ఒకరినొకరు అడగండి. ఎవరూ లేకపోతే ఫోన్లో మీ గొంతుతోనే ప్రశ్న రికార్డ్ చేసి పది సెకన్లు గ్యాప్ ఇచ్చి జవాబు చెప్పుకోండి, బస్సులో వింటూ ఆ గ్యాప్‌లో మీరే చెప్పేయాలి. పక్కబెడ్ వాళ్ళు ఏడో రివిజన్ అంటుంటే కంగారొస్తుంది, నాకూ వచ్చింది, మొదటి పది రోజులు మీ కాగితాలు సగం ఖాళీగానే ఉంటాయి, అప్పుడు భయపడి మళ్ళీ హైలైటర్ తీయకండి.